మాస్టర్ బెడ్‌రూమ్‌కి ఏ స్టైల్ బాగుంటుంది? ఫ్రెంచ్ క్లాసికల్, ఆర్ట్ డెకో, జపాండీ – మూడు డిజైన్లు చేతిలో ఉన్నాయి

నార్సింగి_నివాసి

అందరికీ నమస్తే. నార్సింగిలో మా ఫ్లాట్ చేతికొచ్చింది. మిగతా గదులు మామూలుగానే చేయిస్తున్నాం. మాస్టర్ బెడ్‌రూమ్ మాత్రం రిచ్‌గా, మనసుకు నచ్చినట్టు ఉండాలని మొదటి నుంచీ ఆశ. గది 14 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. స్లాబ్ ఎత్తు 10 అడుగులు. పడమర వైపు బాల్కనీ, నిండా గాజు తలుపులు. బాత్రూమ్ పక్కన డ్రెస్సింగ్‌కి చిన్న జాగా ఉంది. మంచం, పరుపు, లైట్లు అన్నీ కలిపి 14 లక్షలు అనుకుంటున్నాం.

డిజైనర్ గారు మూడు 3డీ బొమ్మలు పంపారు. మొదటిది ఫ్రెంచ్ క్లాసికల్: మీగడ రంగు గోడలు, వాటి మీద బీడింగ్ డబ్బాలు, బంగారు అంచులు, బటన్లు కుట్టిన పెద్ద హెడ్‌బోర్డ్, మధ్యలో షాండ్లియర్. రెండోది ఆర్ట్ డెకో: ముదురు వాల్‌నట్ వెనీర్ (ప్లై మీద అతికించే పలచటి అసలు చెక్క పొర), సీసా ఆకుపచ్చ వెల్వెట్, ఇత్తడి పట్టీలు, గుండ్రటి అద్దం. మూడోది జపాండీ, అంటే జపాన్, స్కాండినేవియా స్టైళ్ళ కలయిక: నేలకు దగ్గరగా ఉండే ఓక్ మంచం, సున్నపు గోడ, కాగితపు దీపం.

నాకు మొదటిది నచ్చింది. మావారికి రెండోది. మా అమ్మాయికి మూడోది. మా అత్తయ్యగారు మూడూ చూసి "ఫ్యాన్ ఎక్కడమ్మా?" అన్నారు. చూస్తే నిజంగానే ఒక్క దాంట్లోనూ ఫ్యాన్ లేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

గీతలు_కొలతలు

శుభాకాంక్షలండీ. నేను ఇంటీరియర్ డిజైనర్‌ని, గచ్చిబౌలి చుట్టుపక్కల ఫ్లాట్లు ఎక్కువగా చేస్తుంటాను. మీ మూడింటిలో దేనికీ అడ్డు చెప్పను. కానీ ఒక స్టైల్ ఎలాంటి గదిలో, ఏ అవసరం కోసం పుట్టిందో తెలిస్తే, మీ గదికి అందులో ఏం సరిపోతుందో ఏది సరిపోదో మీకే తెలిసిపోతుంది.

ఫ్రెంచ్ క్లాసికల్ అంటే అందరి కళ్ళ ముందూ మెదిలేది ఫ్రాన్స్ రాజభవనం వెర్సాయ్. 14వ లూయీ 1701లో తన పడకగదిని రాజభవనానికి సరిగ్గా నడిమధ్యకు మార్పించుకున్నాడు. ఆయన పొద్దున లేవడం, రాత్రి పడుకోవడం కూడా కొలువులో వాళ్ళు నిలబడి చూసే తంతు. అంటే ఆ గది నిద్ర కోసం కంటే దర్బారు కోసం తయారైంది. అందుకే అంత ఎత్తైన కప్పు, అంత జరీ, అంత బంగారం. ఆ ఎత్తుకు తగ్గట్టు కొలిచి పెట్టిన అలంకారాన్ని 10 అడుగుల గదిలోకి యథాతథంగా తెస్తే గోడలు మీద పడుతున్నట్టు ఉంటుంది.

అలాగని మీ కోరిక వదులుకోనక్కర్లేదు. బీడింగ్ డబ్బాలు ఉంచుకోండి, కానీ గోడ రంగే వాటికీ వేయించండి. అప్పుడు పగటి వెలుగులో నీడల వల్ల మాత్రమే కనిపిస్తాయి, అదే అందం. కప్పు కింద కార్నిస్ 3, 4 అంగుళాలు దాటనివ్వకండి. బంగారు పెయింట్ పూత మాత్రం వద్దు, కొన్నేళ్ళకు అది పసుపు మట్టి రంగుకు తిరుగుతుంది. బంగారం కావాలంటే ఒక్క అద్దం ఫ్రేముకి అసలైన రేకు పని చేయించండి. గది మొత్తానికి ఆ ఒక్కటి చాలు.

టేకు_దూలం

అక్కా, నేను చెక్క పని కాంట్రాక్టర్ని. డిజైనర్లు బొమ్మ గీస్తారు, దాన్ని నిలబెట్టేది మేము. కాబట్టి పని సంగతి చెప్తా.

మూడింటిలో మేస్త్రీ పనితనం ఎక్కువ అడిగేది ఆర్ట్ డెకో. అందులో పువ్వులు, లతలు చెక్కడం పెద్దగా ఉండదు. చదునైన పెద్ద పలకలే ఉంటాయి, కాబట్టి తప్పు జరిగితే దాచుకునే చోటు ఉండదు. వాల్‌నట్ వెనీర్ ఒకే దుంగ నుంచి వచ్చిన షీట్లు, ఒకే లాట్‌లో, వరుస నంబర్లతో కొనాలి. పక్కపక్క షీట్లను పుస్తకం తెరిచినట్టు అతికిస్తే చెక్క గీతలు అటూ ఇటూ ఒకేలా తిరిగి పెద్ద పువ్వులా విచ్చుకుంటాయి. సగం పని అయ్యాక షీట్లు తక్కువ పడి వేరే లాట్ తెచ్చారో, ఎంత పాలిష్ కొట్టినా ఆ తేడా పోదు. అందుకే లెక్కకు మించి రెండు మూడు షీట్లు ముందే తీసి పక్కన పెట్టమనండి.

లోపలి ప్లై విషయంలో బాత్రూమ్ గోడకు ఆనుకునే వార్డ్‌రోబ్‌కి ఐఎస్ 710 (తడికి బాగా తట్టుకునే మెరైన్ ప్లై) ముద్ర ఉన్నది, మిగతా చోట్ల ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. షీటు మీద ముద్ర మీరే చూడండి, బిల్లులో కూడా రాయించుకోండి. ఇత్తడి పట్టీ అని బొమ్మలో ఉన్నదానికి చాలామంది గోల్డ్ కలర్ స్టీలు పెడతారు. అది తప్పు కాదు. పీవీడీ కోటింగ్ వేసిన 304 గ్రేడ్ స్టీలైతే ఏళ్ళ తరబడి రంగు మారదు. కానీ ఇత్తడి అని డబ్బు తీసుకుని స్టీలు పెట్టకూడదు కదా, ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి. ఈ మధ్య అందరూ గోడంతా గాడులు గాడులుగా ఉండే ఫ్లూటెడ్ ప్యానెళ్ళు అడుగుతున్నారు. మీ బాల్కనీ తలుపు తీస్తే కన్‌స్ట్రక్షన్ దుమ్ము. ఆ సందుల్లో దుమ్ము తుడవడం రోజూ ఒక మనిషి పని. హెడ్‌బోర్డ్ పక్కన రెండు అడుగులు పెట్టుకోండి, చాలు.

డల్లాస్_తెలుగు

ఫ్యాన్ గురించి మీ అత్తయ్యగారు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. మనం ఆన్‌లైన్‌లో చూసే లగ్జరీ బెడ్‌రూమ్ ఫొటోల్లో చాలావరకు ఇక్కడి అమెరికా ఇళ్ళవి, లేకపోతే యూరప్‌వి. ఇక్కడ ఇల్లంతా రోజంతా సెంట్రల్ ఏసీ, చలికాలం హీటరు. కిటికీలు తెరిచే రోజులు తక్కువ. అందుకే గోడ నుంచి గోడకు కార్పెట్, మంచం మీద ఏడెనిమిది దిండ్లు, మందపాటి దుప్పట్లు. నెలల తరబడి దుమ్ము అంటదు. అవే ఫొటోలు హైదరాబాద్ డిజైనర్ చేతికి వచ్చి, ఫ్యాన్ లేకుండా మీ చేతికి వచ్చాయి.

జపాండీలోని నేలకు దగ్గరగా ఉండే మంచం గురించి కూడా ఒక మాట. మా ఇంట్లో అదే ఉంది, మాకు చాలా ఇష్టం. కానీ అమ్మానాన్న వచ్చినప్పుడు దాని మీద నుంచి లేవడానికి మోకాళ్ళు పట్టుకుని తంటాలు పడ్డారు. వాళ్ళకు వేరే గదిలో మామూలు ఎత్తు మంచం వేశాం. మీకు 40లు దాటి ఉంటే, ఇంకో పదిహేనేళ్ళు ఇదే మంచం అనుకుంటే, పరుపుతో కలిపి 20 నుంచి 22 అంగుళాల ఎత్తు ఉండేలా చూసుకోండి.

రాత్రిదీపం

ఎలక్ట్రికల్, లైటింగ్ నా పని. ఫ్యాన్, షాండ్లియర్ రెండూ గది మధ్యలోనే కావాలంటే కుదరదు. మీ గది 18 అడుగుల పొడవు కాబట్టి దారి ఉంది. మంచం ఉన్న సగానికి ఫ్యాన్, కూర్చునే సగానికి వేలాడే దీపం. ఫాల్స్ సీలింగ్ గది మొత్తానికి దించకండి. అంచుల చుట్టూ రెండు అడుగుల వెడల్పున 5, 6 అంగుళాలు దించి, మధ్య స్లాబ్ అలాగే వదిలేస్తే ఫ్యాన్‌కి ఎత్తు మిగులుతుంది, అంచు వెనక దాగి వెలిగే కోవ్ లైట్‌కి చోటు దొరుకుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఫ్యాన్ రెక్కలు తిరిగే వలయం పైన సీలింగ్ లైటు పడితే, రెక్క అడ్డం వచ్చినప్పుడల్లా వెలుతురు టపటపా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. మంచం మీద పడుకుని చూస్తే తలనొప్పి ఖాయం. ఫ్యాన్ వ్యాసం 4 అడుగులైతే, దాని మధ్య నుంచి కనీసం 3 అడుగుల దూరంలోనే స్పాట్ లైట్లు పెట్టించండి.

వెలుతురు రంగు 2700 కెల్విన్, మహా అయితే 3000. సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 దాటిన లైట్లు అడగండి, వాల్‌నట్ ఎరుపు, వెల్వెట్ పచ్చదనం వాటి అసలు రంగులో కనిపించేది వాటి కిందే. తెల్లటి 6500 కెల్విన్ లైటు కింద ఎంత ఖరీదైన గదైనా మందుల షాపులా ఉంటుంది. మంచానికి రెండు వైపులా విడి స్విచ్చులు, రాత్రి లేచినప్పుడు కాళ్ళ దగ్గర వెలిగే చిన్న లైటు, ఏసీ గాలి తల మీద పడకుండా పక్క గోడకు ఏసీ పాయింట్. ఇవన్నీ గోడ పగలగొట్టకముందే తేల్చుకోవాలి.

సాగరతీరం

నాది విశాఖ, బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఇల్లు. నార్సింగిలో మీకు సముద్రం ఉండదు గానీ, ఈ చర్చ చదివే కోస్తా వాళ్ళ కోసం రాస్తున్నాను. వెల్వెట్ ఉప్పు గాలి పడే ఊళ్ళో వేయించకండి. వానాకాలం నెల రోజులు గది మూసి ఊరెళితే వెనక వైపు బూజు పడుతుంది, ఆ వాసన పోదు. ఇత్తడికి మచ్చలు వస్తాయి, 304 స్టీలుకు కూడా తుప్పు చుక్కలు లేస్తాయి, కాబట్టి 316 గ్రేడ్ అడగాలి. హెడ్‌బోర్డ్‌కి గుడ్డ కావాలంటే మందపాటి కాటన్ లేదా నార బట్ట వేసి, జిప్పుతో ఊడదీసి ఉతుక్కునేలా కుట్టించండి. సముద్రం పక్కన నాకు తెలిసిన లగ్జరీ అదే, ఉతికిన బట్ట వాసన.

పాతమేడ

ఇంత చర్చ జరుగుతోంది గానీ, ఇందులో నాలుగో స్టైల్ ఒకటి ఎవరూ ఎత్తలేదు. అది మనది. పందిరి మంచం.

మా కోనసీమలో పాత మేడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. టేకుతోనో జిట్రేగితోనో (రోజ్‌వుడ్) చేసినవి. నాలుగు కాళ్ళూ కడసానం పట్టి గుండ్రంగా తీర్చినవి, తలవైపు పలకలో చిన్న చిన్న అద్దాలు, రంగు వేసిన గాజు బిళ్ళలు, పైన దోమతెర వేలాడేసే చట్రం. యూరప్ రాజుల మంచాలకీ చుట్టూ తెరలు ఉండేవి, అవి చలికాలం లోపలి వెచ్చదనం బయటికి పోకుండా. మన మంచానికి పలచటి తెర, దోమ లోపలికి రాకుండా, గాలి మాత్రం వచ్చేలా. చూడ్డానికి రెండూ ఒకటే ఆకారం, అవసరాలు పూర్తిగా వేరు. కాబట్టి మన గదిలో నాలుగు స్తంభాల మంచం అంటే ఫ్రెంచి కేటలాగ్‌లో వెతకనక్కర్లేదు.

అన్నట్టు మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఓసారి పురానీ హవేలీకి వెళ్ళండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు అక్కడున్నాయి. ఒక పొడవాటి హాలు నిండా రెండు అంతస్తుల్లో బర్మా టేకు అల్మరాలు, పై అంతస్తుకు వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఈ రోజు మనం వాక్-ఇన్ వార్డ్‌రోబ్ అని గొప్పగా చెప్పుకునేది అప్పుడే మన ఊళ్ళో ఉంది. గాజు తలుపులు, లోపల లైట్లు లేవు. సాదా టేకు తలుపులు వరసగా, ఒకే కొలతలో. ఆ వరస చూస్తే చాలు, డ్రెస్సింగ్ ఏరియా ఎలా ఉండాలో తెలుస్తుంది.

నార్సింగి_నివాసి

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు, చాలా సంతోషం. గీతలు_కొలతలు గారు చెప్పింది మావారికి చూపిస్తే ఆయన ఆర్ట్ డెకో పక్షాన ఇంకా గట్టిగా నిలబడ్డారు. "వెర్సాయ్ మనది కాదు, ఆర్ట్ డెకో కూడా మనది కాదుగా మరి" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఎవరైనా చెప్పగలరా? ముదురు రంగుల వల్ల గది చిన్నదిగా కనిపిస్తుందని కూడా నా భయం.

గీతలు_కొలతలు

మీవారి తరఫున నేను వాదిస్తానండీ. 1925 పారిస్ ప్రదర్శనతో ఆ స్టైల్‌కి పేరొచ్చింది, నిజమే. కానీ పదేళ్ళు తిరిగేసరికి అది బొంబాయి వీధుల్లోకి వచ్చేసింది. మెరైన్ డ్రైవ్ అపార్ట్‌మెంట్లు, రీగల్, ఈరోస్ సినిమా హాళ్ళు అవే. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి కూడా. ఆ బిల్డింగుల్లో గమనించండి, కిటికీల మీద ముందుకు పొడుచుకొచ్చిన చజ్జాలు, గుండ్రటి బాల్కనీలు. ఎండకూ వానకూ తగ్గట్టు మార్చుకున్నారు.

పడకగదుల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఇండోర్ మాణిక్ బాగ్ ప్యాలెస్. యశ్వంత్‌రావ్ హోల్కర్ అనే యువ మహారాజు 1930ల మొదట్లో ఎకార్ట్ ముథేసియస్ అనే జర్మన్ ఆర్కిటెక్ట్ చేత కట్టించుకున్నారు. మహారాజు మంచం గాజుతో, లోహంతో చేసింది. లూయీ సోన్యో, షార్లొట్ అలిక్స్ అనే ఇద్దరు ఫ్రెంచ్ డిజైనర్ల పని. చెక్కడాలు లేవు, జరీ లేదు. గీతలు, మెరుపు, అంతే. ఆ ఇంటి ఫర్నిచర్ 1980లో మొనాకోలో వేలానికి పోయింది. భవనం ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ పన్నుల ఆఫీసు.

జోధ్‌పూర్ ఉమైద్ భవన్ కథ ఇంకా బాగుంటుంది. లండన్‌లో చేయించిన ఫర్నిచర్ తెస్తున్న ఓడ రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోయింది. అప్పుడు స్టెఫాన్ నార్బ్లిన్ అనే పోలండ్ చిత్రకారుడు మళ్ళీ డిజైన్లు గీస్తే, అక్కడి పనివాళ్ళే తయారుచేశారు. కాబట్టి మన వడ్రంగుల చేతికి ఈ స్టైల్ కొత్తేమీ కాదు.

ముదురు రంగు భయం గురించి: నాలుగు గోడలకూ వేస్తే మీరన్నది నిజం. మంచం వెనక గోడకు మాత్రమే వాల్‌నట్ వేసి, మిగతా మూడు లేత రంగులో ఉంచితే గది లోతుగా కనిపిస్తుంది, చిన్నదిగా కాదు.

ప్రగతినగర్_కుర్రోడు

అన్నలూ, అక్కలూ, మహారాజుల గురించి బాగుంది గానీ 14 లక్షల్లో ఫ్లాట్ బెడ్‌రూమ్ సంగతి కదా ఇది. పాలెస్‌లు చూపించి ఆశపెడితే లెక్క 25 లక్షలకు పోతుంది. నన్నడిగితే జపాండీయే బెస్ట్. సామాను తక్కువ, ఖర్చు తక్కువ, మనసుకు ప్రశాంతం.

టేకు_దూలం

తమ్ముడూ, జపాండీలో ఖర్చు తక్కువ అనేది మాత్రం నేను ఒప్పుకోను. సామాను తక్కువే. కానీ ఆ తక్కువ సామాను అంచులు, జాయింట్లు అంతా బయటికి కనిపించేవే. ఓక్ వెనీర్ మీద మ్యాట్ పాలిష్ కొడితే గీత పడినా చేతి మరక పడినా తెలుస్తుంది. పైగా ఆ ఖాళీతనం నిలబడాలంటే గదిలో ఉండే దుప్పట్లు, సూట్‌కేసులు, పాత ఫైళ్ళు అన్నీ ఎక్కడో దాక్కోవాలి. జపాన్ పాత ఇళ్ళల్లో పగలు పరుపు మడిచి గోడ అల్మరాలో పెట్టేస్తారు, అప్పుడు గది ఖాళీ అవుతుంది. ఆ అల్మరా లేకుండా ఖాళీ గది రాదు. అంటే వార్డ్‌రోబ్ ఖర్చు పెరుగుతుంది. లెక్క కట్టి చూస్తే మూడూ ఇంచుమించు అక్కడికే వస్తాయి.

గీతలు_కొలతలు

దానికి ఒకటి కలుపుతాను. జపాండీలో సగం స్కాండినేవియా. అక్కడ డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో ఆరు గంటలు ఎండ కాస్తే గొప్ప. దొరికిన కాస్త వెలుగూ గదంతా పాకాలని గోడలు తెల్లగా, చెక్క లేతగా పెట్టుకుంటారు. నార్సింగిలో పడమటి గాజు తలుపుల గదికి ఆ తెలుపు పెడితే ఏప్రిల్ సాయంత్రం కళ్ళు చికిలించుకోవాలి. అమ్మాయి గారికి ఆ స్టైల్ ఇష్టమైతే గోడకు సున్నం రంగు కాస్త మట్టి ఛాయలో, బిస్కెట్ రంగుకో గోధుమ రంగుకో తెమ్మనండి.

పాతమేడ

సున్నం మాట వచ్చింది కాబట్టి. మొరాకోలో తాదెలక్త్ అనే గోడ పని ఇప్పుడు ఖరీదైన హోటళ్ళ పడకగదుల్లో ఫ్యాషన్. సున్నం పూసి, రాయితో రుద్ది, ఆలివ్ నూనె సబ్బుతో మెరుపు తెస్తారు. మన పాత ఇళ్ళ గచ్చు పని కూడా అదే జాతిది. సున్నం, సన్న ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ. చెట్టినాడు ఇళ్ళల్లో చివరి పూతకు గుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రుద్దేవాళ్ళు. ఆ గోడలు ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి, చెయ్యి పెడితే ఎండాకాలం కూడా చల్లగా తగులుతాయి. కారైకుడి వైపు ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. మొరాకో స్టైల్ అని డబ్బాలో వచ్చే పొడి కొనేముందు వాళ్ళను అడిగి చూడండి. మంచం వెనక ఒక్క గోడకు చేయించినా గది అంతస్తు మారిపోతుంది.

పెడన_రంగులు

మీరంతా చెక్క, గోడ, లైటు గురించి మాట్లాడారు. రాత్రంతా ఒంటికి తగిలేది బట్ట. దాని మీద ఎవరూ పెద్దగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను, కాస్త పొడుగైనా భరించండి.

17, 18 శతాబ్దాల్లో యూరప్ ధనవంతుల పడకగదిలో గొప్ప అంటే ఏమిటో తెలుసా? మన కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి ఓడల్లో వెళ్ళిన అద్దకపు బట్ట. పలంపోర్ అనే పెద్ద పరుపు దుప్పట్లు, మధ్యలో గుట్ట మీద నుంచి లేచిన పూల చెట్టు, చుట్టూ అంచు. నూలు బట్ట మీద ఉతికినా పోని ఎరుపు వాళ్ళకు అప్పటిదాకా తెలియదు. ఆ ఎరుపు మన చిరివేరు నుంచి వచ్చేది. ఈ బట్టల దెబ్బకు అక్కడి నేతగాళ్ళు గోల పెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో ఇంకా కఠినమైన చట్టం తెచ్చింది. అయినా జనం ఆగలేదు. డేవిడ్ గారిక్ అని లండన్‌లో పేరుమోసిన నటుడు. ఆయన భార్య మంచానికి కలకత్తా నుంచి కానుకగా వచ్చిన చింట్జ్ (ఇలాంటి పూల అద్దకపు నూలు బట్ట) తెరలను 1775లో కస్టమ్స్ వాళ్ళు పట్టుకుపోయారు. ఆ మంచం, ఆ తెరలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

అంటే మీ ఫ్రెంచ్ క్లాసికల్ బొమ్మలో గోడ మీద పూల డిజైన్ ఉంటే, దాని వెనక మన అద్దకం ఉంది. నార్సింగి_నివాసి గారూ, మీకు పూలు, మీగడ రంగు, సుకుమారం ఇష్టం అని మీ మాటల్లో తెలుస్తోంది. అది బీడింగ్‌తో రానక్కర్లేదు.

పెడనలో ఇప్పటికీ కోరా బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఎండబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు అద్దుతారు. ఆ నీళ్ళు అచ్చుతో బట్ట మీద పడగానే, కరక్కాయ పట్టిన చోట కళ్ళ ముందే నల్లబడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు అక్కడి నుంచి కదలరు. టేకు అచ్చు, దాన్ని పట్టుకున్న చెయ్యి, మణికట్టుతో ఒక్క గుద్దు. తరవాతి అచ్చు అంచుకు అంచు కలవాలి, గీత గీసుకోరు, చేతి అంచనాయే. చేత్తో వేసిన బట్ట కావాలంటే దగ్గరగా చూడండి, అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. స్క్రీన్ ప్రింట్‌లో ఆ తేడా ఉండదు, ధర కూడా అందుకే తక్కువ.

దుప్పట్ల సంగతి కూడా చెప్పేస్తాను. 1000 థ్రెడ్ కౌంట్ అని రాస్తే మోసపోకండి. పోగులు మెలిపెట్టి, ఒక్కో మెలికలో పోగులన్నీ విడివిడిగా లెక్కేసి ఆ అంకె తెస్తారు. మంచి పొడుగు పింజ పత్తితో, ఒంటి పోగుతో నేసిన 300 నుంచి 400 కౌంట్ మన ఎండలకు హాయిగా ఉంటుంది. పెర్కేల్ నేత కరకరలాడుతూ చల్లగా ఉంటుంది, సాటిన్ నేత జారుతూ వెచ్చగా ఉంటుంది. హైదరాబాద్‌కి ఎనిమిది నెలలు పెర్కేలే. మంచం కాళ్ళ వైపు మడిచి పరిచే బట్టకు పోచంపల్లి ఇక్కత్ వేయండి, ముదురు వాల్‌నట్ పక్కన దాని గీతలు మీవారి ఆర్ట్ డెకోతో చక్కగా కలుస్తాయి. నేల మీదికి వరంగల్ దర్రీ, లేదా మెత్తటిది కావాలంటే ఏలూరు తివాచీ.

డల్లాస్_తెలుగు

పెడన_రంగులు గారూ, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. ఇక్కడ మ్యూజియంలో పలంపోర్ చూసి "మన కలంకారీలా ఉందే" అనుకుని వచ్చేశాం. అది మన తీరం నుంచే వచ్చిందని ఇప్పుడు తెలిసింది. ఈసారి ఇండియా వచ్చినప్పుడు పెడన తప్పకుండా వెళ్తాం.

సాగరతీరం

పోచంపల్లి, ఆర్ట్ డెకో జోడీ నాకూ నచ్చింది. రెండూ కోణాలూ గీతలే. కానీ కలంకారీ పూలు, ఇక్కత్ గీతలు, వాల్‌నట్ గీతలు మూడూ ఒకే చోట పడితే కంటికి విశ్రాంతి ఉండదేమో. ఒక పెద్ద డిజైన్, ఒక చిన్న డిజైన్, మిగతాది సాదా. అంతకు మించొద్దు.

నార్సింగి_నివాసి

రెండు రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. డిజైనర్ గారితో కూర్చుని ఒక మాటకొచ్చాం. మంచం వెనక గోడ వాల్‌నట్, టేకు_దూలం గారు చెప్పినట్టు షీట్లన్నీ ఒకే లాట్. మిగతా మూడు గోడలు సున్నపు పని, మీగడ ఛాయ. ఫాల్స్ సీలింగ్ అంచులకే. మంచం మీద ఫ్యాన్, బాల్కనీ వైపు రెండు కుర్చీల మధ్య దీపం. అత్తయ్యగారు సంతోషించారు. వెల్వెట్ ఒక్క కుర్చీకి మాత్రమే. అమ్మాయికి దాని గదిలో జపాండీ చేసుకోమన్నాం, ఒప్పుకుంది.

హెడ్‌బోర్డ్ కోసం కలంకారీ పూల చెట్టు నాకు బాగా మనసైంది. వాల్‌నట్ మధ్యలో 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ప్యానెల్‌లా బిగిస్తామంటున్నారు. సాగరతీరం గారు భయపడక్కర్లేదు, ఇక్కత్ పక్కన పెట్టేశాం, దుప్పట్లు సాదా తెలుపే. అయితే సహజ రంగులు పడమటెండకు వెలిసిపోతాయని డిజైనర్ గారు అంటున్నారు. నిజమేనా? ఏదైనా మార్గం ఉందా?

రాత్రిదీపం

ఎండ వైపు నుంచి నేను చెప్తాను. గాజుకు యూవీ ఫిల్మ్ వేయించండి, దాని వల్ల వేడి కూడా తగ్గుతుంది. తెరలు రెండు పొరలు: లోపల పలచటిది పగటికి, బయట బ్లాకౌట్ లైనింగ్ ఉన్నది మధ్యాహ్నం మూడు దాటాక. తెర కడ్డీ తలుపుకన్నా రెండు వైపులా అడుగు పొడుగు ఉండాలి, సీలింగ్ నుంచి నేల దాకా పడాలి. గుడ్డ వెడల్పు కడ్డీ పొడుగుకు రెండున్నర రెట్లు తీసుకుంటేనే కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి. ఎంత మంచి గుడ్డైనా అది తగ్గిస్తే గోడకు చీర ఆరేసినట్టు ఉంటుంది.

పెడన_రంగులు

నేరుగా ఎండ పడితే వెలిసిపోతాయి, నిజమే. పసుపు ముందు పోతుంది, ఆ తరవాత దానితో కలిపి చేసిన ఆకుపచ్చ నీలానికి తిరుగుతుంది. నలుపు, ఎరుపు చాలాకాలం నిలుస్తాయి. మీ గదిలో మంచం తల దక్షిణం గోడకు ఉంటే పడమటెండ దాని మీద ఏటవాలుగానే పడుతుంది, కాబట్టి రాత్రిదీపం గారు చెప్పిన తెరలతో సరిపోతుంది.

బట్టను ప్లై మీద జిగురుతో అతికించనివ్వకండి. జిగురు కొన్నాళ్ళకు పసుపు మచ్చలుగా పైకి తేలుతుంది, మళ్ళీ తీయడానికి వీలుండదు. పలచటి చెక్క చట్రానికి చుట్టి, వెనక పిన్నులు కొట్టించి, ఆ చట్రాన్ని వాల్‌నట్ మధ్యలో వదిలిన గాడిలో కూర్చోబెట్టండి. అప్పుడు ఊడదీసి దులపొచ్చు, పదేళ్ళ తరవాత బట్ట మార్చుకోవచ్చు. రెండు బట్టలు చేయించుకుని ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి మార్చేవాళ్ళు కూడా ఉన్నారు. వెర్సాయ్‌లో కూడా ఋతువును బట్టి పడకగది బట్టలు మార్చేవాళ్ళు.

6 అడుగుల వెడల్పులో ఒకే చెట్టు కావాలంటే అచ్చు పనిలో రాదు, శ్రీకాళహస్తి వాళ్ళ చేత కలంతో గీయించుకోవాలి. సమయం పడుతుంది కాబట్టి చెక్క పని మొదలవకముందే ఆర్డర్ ఇవ్వండి. కొలత చెప్పేటప్పుడు చుట్టూ మడవడానికి అరడుగు చొప్పున ఎక్కువ అడగండి, అంచు డిజైన్ ఆ మడతలోకి పోకుండా లోపలికి గీయమని చెప్పండి.

టేకు_దూలం

చట్రం కొలత ముందు మీరు నాకో, మీ మేస్త్రీకో ఇవ్వకండి అక్కా. బట్ట చేతికొచ్చాక, అసలు ఎంత వచ్చిందో కొలిచి, ఆ తరవాతే వాల్‌నట్‌లో గాడి కోయించండి.

నార్సింగి_నివాసి

అలాగే చేస్తాం. శ్రీకాళహస్తికి వచ్చే శనివారం బయలుదేరుతున్నాం. మీరు చెప్పిన కొలతలన్నీ రాసుకుని వెళ్తున్నాను.